కింది పొర వేడి

గోదావరిఖని,
జూలై 14, 2025

కొత్తగూడెంలో పిల్లలకు పాఠాలు, నాలాంటి పెద్దలకు బుద్ధులు చెప్పే ఎవాంజెలిన్ టీచరమ్మ గారి సమక్షానికి,

లాంప్ రూమ్ కొమురెల్లి చేతులు కట్టుకుని విన్నవించుకునేది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ దాన్ని మూడుసార్లు తిప్పి చూసి, "ఏందే అన్నా, కోర్టు కాయిదమా?" అని అడిగాడు. మా వాడకట్టుకు చేతిరాత ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో. "కొత్తగూడెం టీచరమ్మ రాసింది, నన్ను వాళ్ళ బడికి హెడ్మాస్టరుగ రమ్మంటాంది" అన్నాను. నమ్మాడు పాపం. సాయంత్రానికల్లా ఇద్దరు మా ఇంటికి వచ్చి వాళ్ళ పిల్లలకు సీటు అడిగారు.

ఫోన్లో అరనిమిషంలో తేలే పనికి ఇంత రాత ఎందుకంటే, నువ్వు నా నంబరు బ్లాకు చేశావు కాబట్టి. తప్పు నాదే. పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడని గొంతు మార్చి ఫోన్ చేసింది నేనే. అయినా పిల్లలందరి చేతికీ పూలదండలిచ్చి గంటన్నర గేటు దగ్గర నిలబెడతావని నాకేం తెలుసు? అధికారి అన్న మాట వింటేనే అంత భయమైతే ఎట్లా?

సంగతికి వస్తాను. మీ తొమ్మిదో తరగతి ఆడపిల్లలు 'నాకు నచ్చిన సైన్స్ ప్రాజెక్టు' అని గోడపత్రికకు రాస్తున్నారనీ, "టీచర్, మీ చిన్నప్పటిది కూడా రాయండి" అని పట్టుబట్టారనీ రాశావు. మన పదో తరగతి ప్రాజెక్టు గురించి నాకు గుర్తున్నది పంపమన్నావు. పది తప్పినవాణ్ణి సైన్సు అడుగుతున్నావు. సరే, విను.

1990 జనవరి. తరగతిలో సగంమంది మట్టితో కొండ చేసి, అందులో వంటసోడా వేసి నిమ్మరసం పిండి పొంగిస్తున్నారు. నువ్వేమో, "బొగ్గుబాయిలో లోతుకు పోయినకొద్దీ వేడి ఎంత పెరుగుతదో కొలుద్దాం" అన్నావు. మనల్ని బాయిలోకి ఎవరు దిగనిస్తారు? మీ నాయన యోబు కాక, మా నాయన రాజం ఒకే జోడీ. ఒకే చోట బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాళ్ళు. వాళ్ళతో థర్మామీటరు పంపి, లోపల పైకప్పుకు ఆన్చిన కర్రకు కట్టిద్దామన్నావు. ల్యాబులో ఉండేదైతే పైకి వచ్చేసరికి గీత దిగిపోతుందని, దవాఖాన నర్సమ్మను బతిమాలి జ్వరం చూసేది తెచ్చావు. దాన్ని విదిలిస్తే తప్ప ఎక్కిన పాదరసం దిగదు కదా! ఆ ఉపాయానికి మన సైన్స్ సారు నోరు తెరిచి, మూయడానికి మర్చిపోయాడు.

నాకు ఇచ్చిన పని చిన్నది. మొదటి షిఫ్టు విడిచే మూడు గంటలకు బాయి గేటు కాడికి ఉరకాలి. యోబు కాక చేతిలోంచి థర్మామీటరు తీసుకోవాలి. కుదపకుండా తెచ్చి నీ చేతిలో పెట్టాలి. ఆడపిల్ల గేటు కాడికి పోవద్దని మీ ఇంట్లో కట్టడి.

పద్దెనిమిది డ్యూటీలు. పదో రోజు నుంచి వాళ్ళ పని కింది బొగ్గు పొరకు మారింది, అంకెలు కూడా ఎక్కాయి. నువ్వు ఎర్ర పెన్సిలుతో గ్రాఫు గీశావు. కరీంనగర్‌లో సైన్స్ ఫేర్. కళ్ళద్దాల జడ్జి వంగి చూసి, "నూటరెండు డిగ్రీల వేడిలో మనిషి ఎనిమిది గంటలు ఎట్లా పనిచేస్తాడమ్మా?" అన్నాడు. నువ్వు గడ్డం ఎత్తి, "మా నాన్న చేస్తున్నాడు సార్" అన్నావు. హాలంతా చప్పట్లు. రెండో బహుమతి. మొదటిది మళ్ళీ పొంగే కొండకే పోయింది. అది వేరే దుఃఖం.

ఇంతే గుర్తుంది. మా నాయనకు ఎనభై నిండాయి. చెవులు సరిగా వినబడవు. వినొద్దు అనుకున్నవి అసలే వినబడవు.

ఇట్లు,
కొమురెల్లి

*

కొత్తగూడెం,
ఆగస్టు 2

కొమురెల్లికి,

నీ ఉత్తరాన్ని, పైన నన్ను వెక్కిరించిన భాగం కత్తిరించి, నా వ్యాసం పక్కన అంటించాను. పిల్లలు నాది వదిలేసి నీదే చదివారు.

ఇక్కడ సహస్ర అని ఒక పిల్ల ఉంది. వాళ్ళ నాన్న ఇక్కడి బాయిలో ఎలక్ట్రీషియన్. చీమలు ముందు చక్కెరకు వస్తాయా, బెల్లానికి వస్తాయా అని నెల రోజులు వంటింటి గడప దగ్గర కూర్చుని లెక్కపెట్టిందట. తనకు నచ్చిన ప్రాజెక్టు అదేనని రాసింది. అలాంటి పిల్ల ఊరుకుంటుందా? "టీచర్, మీ పాత నోటుబుక్కు ఉందా?" అని వెంటపడింది. ఉంది. మర్నాడు తీసుకువెళ్ళాను.

"టీచర్, మొదటి రోజు గీత తొంభై అయిదు దగ్గరే ఉంది" అంది.

"నాన్న సరిగ్గా కట్టలేదమ్మా. అక్కడే రాశాను చూడు."

"సరిగ్గానే కట్టుంటరు టీచర్. ఇది తొంభై అయిదుకు తక్కువుంటే చూపించదు కదా. మా నాన్నని అడిగిన. లోపల చెమట పోస్తది గని గంత వేడి ఉండదు బిడ్డా అన్నడు."

"మరి రెండో రోజు నుంచి ఎక్కింది కదా?"

"అదే టీచర్. తొంభై ఎనిమిది పాయింట్ రెండు, నాలుగు, నాలుగు, రెండు, ఆరు..." వేలుతో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళి ఆగింది. "ఇది గాలి కాదు టీచర్. ఇది మనిషి."

ఇరవై ఆరేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను కొమురెల్లీ. ఆరోగ్యవంతుడి ఒంటి వేడి ఎంత అని ఎన్ని వందల మంది పిల్లల చేత పలికించానో. నా సొంత నోటుబుక్కులో ఆ అంకెను గుర్తుపట్టలేదు.

తొమ్మిదో రోజు వరకు మనిషి అయితే, పదో రోజు నుంచి వంద దాటినది ఏమిటి? నూట ఒకటి, నూట రెండు?

మా నాన్న ఆ వేసవిలో పడిపోయాడు. టీబీ అన్నారు, ముదిరిందన్నారు. వానాకాలం దాటలేదు. నీకు తెలుసు, మోసినవాళ్ళలో నువ్వూ ఉన్నావు. ఆ జనవరిలో అమ్మ అక్క పురిటికని బసంత్‌నగర్‌లో ఉంది. ఇల్లు నా మీదే నడిచింది. నాన్న షిఫ్టు నుంచి రాగానే నిండా కప్పుకుని పడుకునేవాడు. అలసట అనుకున్నాను. పక్కన కూర్చుని, గుండ్రని అక్షరాలతో ఆయన జ్వరాన్ని రోజూ నోటుబుక్కులో ఎక్కించాను. దాని మీద బహుమతి తీసుకున్నాను.

ఇలాగే జరిగిందా? ఒక్కటి అడుగుతాను. మా నాన్న చేతి నుంచి నా చేతికి వచ్చే దారిలో నువ్వొక్కడివే ఉన్నావు. ఆ థర్మామీటరును నువ్వేమైనా చేశావా? చేసి ఉంటే ఒక్క మాట అనను. నువ్వు కొంటెపని చేసి ఉంటే బాగుండునని నా జన్మలో మొదటిసారి కోరుకుంటున్నాను.

ఎవాంజెలిన్

*

గోదావరిఖని,
ఆగస్టు 11

టీచరమ్మా,

దొరికిపోయాను. ముప్పై అయిదేళ్ళకు ఒక చీమల పిల్ల చేతిలో దొరికాను.

చేసింది నేనే. గేటు పక్కన క్యాంటీన్ ఉండేది, గుర్తుందా? అక్కడ వేడి వేడి చాయ్ గ్లాసులో థర్మామీటరు ముంచి తెచ్చేవాణ్ణి. అంకె పెద్దగా వస్తే నీ ముఖం వెలిగేది, అది చూడ్డానికి నాకు సరదా. కింది పొర అన్నప్పటి నుంచి ఇంకాస్త ఎక్కువసేపు ముంచాను. బెల్లు మోగించేవాడి కుర్చీకి జీడి రసం పూసినవాడికి ఇది ఒక లెక్కా? యోబు కాక జ్వరానికీ, ఆ అంకెలకూ సంబంధం లేదు. హాయిగా నిద్రపో. ఆ పిల్లకు నా తరఫున బెల్లంముక్క పెట్టు.

జడ్జి గారిని మోసం చేసినందుకు ఇప్పుడు బహుమతి వాపసు అడిగితే, నా సగం ఎలుకలు కొట్టేశాయని చెప్పు.

కొమురెల్లి

*

కొత్తగూడెం,
ఆగస్టు 25

కొమురెల్లికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిజంగానే నిద్రపోయాను. మూడో రోజు సహస్రకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"చాయ్ ఎంత వేడి ఉంటది టీచర్?" అంది. స్టాఫ్ రూమ్‌లో టీ తెప్పించి ల్యాబు థర్మామీటరు పెట్టాం. ఫారెన్‌హీట్ లెక్కలో నూట యాభై దాటింది. జ్వరం చూసేది నూట ఎనిమిదితో ఆగిపోతుంది. అందులో ముంచితే పాదరసం కొస దాకా తన్ని గాజు పగిలిపోతుంది. సహస్ర పది నిమిషాలకు ఒకసారి కొలిచింది. నూట ఒకటికి దిగేసరికి గంట దాటింది. మీద మీగడ కట్టింది, ఈగ పడింది.

నువ్వు గ్లాసు ముందు పెట్టుకుని గంటసేపు తాగకుండా కూర్చున్నావా? పొయ్యి మీద ఉండగానే ఊదుకుని తాగే మనిషివి నువ్వు. పైగా మూడు గంటలకు షిఫ్టు విడిస్తే మూడుంబావుకు నా ముందుండేవాడివి. వచ్చిన టైము కూడా రాశాను, నోటుబుక్కులో ఉంది.

ఎందుకు అబద్ధం చెప్పావు?

ఎవాంజెలిన్

*

గోదావరిఖని,
సెప్టెంబరు 3

టీచరమ్మా,

చాయ్ అబద్ధమే. ముసలితనం వస్తోంది, ఏ కొంటెపని ఎప్పుడు చేశానో కలిసిపోతున్నాయి. అసలు సంగతి ఇది: దారిలో సరదాకు నా చంకలో పెట్టుకునేవాణ్ణి. అందుకే తొంభై ఎనిమిది. పదో రోజు నుంచి నాకే జ్వరం తగిలింది. చలిజ్వరం. మా అమ్మ మిరియాల కషాయం పోసింది, ఆ ఘాటు ఇప్పటికీ నాలుక మీదుంది. అంతే కథ. ఇంతటితో ఆ నోటుబుక్కును అటక మీద పెట్టు.

కొమురెల్లి

*

కొత్తగూడెం,
సెప్టెంబరు 15

కొమురెల్లీ,

పద్నాలుగో రోజు, జనవరి 17, నూట ఒకటి పాయింట్ రెండు. దాని ఎదురుగా నా రాతలో ఇలా ఉంది: 'ఈ రోజు కొమురెల్లి నీళ్ళ ట్యాంకు ఎక్కి హెడ్మాస్టరు గారి చెప్పులు కొసన కట్టినందుకు బెత్తం దెబ్బలు. థర్మామీటరు పావుగంట ఆలస్యం.'

చలిజ్వరంతో వణికేవాడు నీళ్ళ ట్యాంకు ఎక్కుతాడా?

నువ్వు ఎవరి కోసమో అబద్ధం చెబుతున్నావు. నా కోసమే అనుకుంటే వద్దు. నేను యాభై ఏళ్ళ మనిషిని, నిజం వింటే పడిపోను. తెలియకుండా ఉండటమే కష్టంగా ఉంది. బోర్డు మీద అంకె రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. మా నాన్న నా కోసం కర్రకు కట్టాడని ఇన్నాళ్ళూ అనుకున్న థర్మామీటరు ఎక్కడ ఉంది? రాజం కాకను అడుగు. ఒకే చోట పనిచేశారు కదా. వినబడకపోతే అరిచి అడుగు.

ఎవాంజెలిన్

*

గోదావరిఖని,
అక్టోబరు 6

ఎవాంజెలిన్,

మూడు వారాలు పట్టింది. రోజూ లాంప్ రూమ్‌లో వందల మందికి దీపాలు అందిస్తాను, ఎవరినీ ఒక మాట అనకుండా పంపను. ఈ మూడు వారాల్లో నోరు లేవక ఊరికే అందిస్తుంటే, "కొమురెల్లన్నకు పానం మంచిగ లేదా?" అని జనం అడగడం మొదలుపెట్టారు.

రెండుసార్లు అబద్ధం చెప్పాను. నీ మనసు బరువు తగ్గుతుందని చెప్పాను అనుకో. సగం అందుకు. మిగతా సగం నా కోసం.

పదో రోజో, పదకొండో రోజో. మూడు గంటల ఎండ. షిఫ్టు దిగినవాళ్ళంతా చొక్కాలు విప్పి పిండుకుంటున్నారు. యోబు కాక ఒక్కడే చద్దరు కప్పుకుని వచ్చాడు. థర్మామీటరు ఇస్తుంటే చెయ్యి తగిలింది. కాలుతోంది.

"కాకా, జెరమా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. లోపట నీళ్ళు మీద వడ్డయి." నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "పొల్లకు చెప్పకు. చెప్తె దవాఖానకు గుంజుకపోతది. వాళ్ళు ఇంట్ల పండుమని చిట్టీ రాస్తరు. ఈ ఏడు నాగాలు మస్తయినయి, ఇంక డ్యూటీ తప్పితె నా పేరు ఉంటదో ఉండదో. దాని పరీక్షలు గానియ్యి, అప్పుడు నేనే పోత."

క్యాంటీన్‌కు తీసుకుపోయి బన్ను కొనిచ్చాడు. "తిను. నోరు మూసుకొని తిను" అని నవ్వాడు. ఆ రోజు నుంచి రోజూ ఒక బన్ను. ఒక చేత్తో బన్ను తింటూ, ఇంకో చేత్తో ఆయన జ్వరం పట్టుకుని నీ దగ్గరికి ఉరికాను. చెయ్యి కాలుతోందని తెలుసు. చేతిలో ఉన్న గాజుపుల్ల ఆ వేడినే చెబుతోందని తట్టలేదు. పది ఊరికే తప్పలేదు నేను.

ఈ ఊళ్ళో నేను మూడు రోజులకు మించి కడుపులో దాచిన ముచ్చట లేదు. ఒక్క యోబు కాక ముచ్చట తప్ప. బయటపెట్టాల్సింది అదొక్కటే ఉండె.

నువ్వు అడగమన్నట్టు నాయనను అడిగాను. అరవాల్సి వచ్చింది, పక్కింటివాళ్ళు కూడా గోడ మీదికి వచ్చి విన్నారు.

"నాయనా, యోబు కాక ఆ థర్మామీటరు ఏడ పెట్టేటోడే?"

"ఏ థర్మామీటరు?"

"సైన్సుది! మేము పంపింది!"

"గదా? సంకల."

"సంకల ఎందుకే? కర్రకు కట్టుమన్నం గద!"

"మొదటి దినం దుంగకు కట్టిండురా. ఏం ఎక్కలె. ఇంటికాడ పొల్ల అలిగి బువ్వ ముట్టలేదట. 'అంకె రాకుంటె నా బిడ్డ ముఖం చిన్నబోతది రాజం' అన్నడు. మరునాటి సంది బువ్వ తిన్నంక సంకల పెట్టుకొని అరగంట కూసునేటోడు. నవ్వొద్దని నాకు ఒట్టు వెట్టిండు."

"నీకు తప్పనిపియ్యలేదా?"

"పంతుళ్ళకు అంకె గావాలె. మావోడు అంకె ఇచ్చిండు. తప్పేంది?"

ఇదీ జరిగింది. తిట్టాలనిపిస్తే కార్డు మీద రాయి, పోస్టుమాన్ కూడా చదువుకుంటాడు.

కొమురెల్లి

*

కొత్తగూడెం,
అక్టోబరు 24

కొమురెల్లికి,

నిన్ను తిడుతూ నాలుగు పేజీలు రాశాను. పోస్టు చేయలేదు. చదువుకుంటే అందులో మూడు పేజీలు నన్ను నేను తిట్టుకున్నవే. నువ్వు పదిహేనేళ్ళవాడివి, పెద్దమనిషి చెప్పొద్దంటే చెప్పలేదు. నీకు గేటు దగ్గర కనబడినది నాకు ఇంట్లో కనబడలేదు. మొదటి రోజు నేను అలిగి పస్తు పడుకోకపోతే ఆయన చంకలో పెట్టుకునేవాడే కాదు. కోరుకున్న అంకె రాలేదని అలిగినదాన్ని, నేనేం సైన్సు చేశాను?

నిన్న తరగతిలో నల్లబల్ల మీద పదో రోజు నుంచి పద్దెనిమిదో రోజు వరకు ఉన్న తొమ్మిది అంకెలు రాశాను. గని అనలేదు, పేరు చెప్పలేదు. నా వ్యాసం చదివినవాళ్ళకు కూడా ఆ అంకెలు తెలియవు, ఒక్క సహస్రకు తప్ప. దాన్ని నోరు మూసుకోమన్నాను.

"ఇదేమిటి?" అని అడిగాను.

"జ్వరం టీచర్!" నలభై మందీ ఒకేసారి.

"మీరైతే ఏం చేస్తారు?"

"దవాఖానకు తీస్కపోతం టీచర్!"

అరనిమిషం కూడా పట్టలేదు. పైన 'కింది పొర వేడి' అని శీర్షిక లేదు కాబట్టి వాళ్ళకు కనబడింది. మనం శీర్షిక ముందు రాసుకుని అంకెల కోసం చూశాం.

వెనక బెంచీలో దీప అనే పిల్ల, ఎప్పుడూ నోరు విప్పదు, లేచి నిలబడింది. "ఈ మనిషికి తగ్గిందా టీచర్?"

"తగ్గలేదమ్మా. మా నాన్న" అన్నాను.

 పాఠం అక్కడితో ఆపి కూర్చున్నాను. కాసేపటికి సహస్ర చెయ్యి లేపింది. ఆ పిల్లకు చావు ముందైనా ప్రశ్న ఆగదు.

"టీచర్, పదిహేనో రోజు?"

చూశాను. పద్నాలుగో రోజు నూట ఒకటి పాయింట్ రెండు. పదహారో రోజు నూట ఒకటి పాయింట్ ఎనిమిది. మధ్యలో పదిహేనో రోజు, జనవరి 18, తొంభై ఎనిమిది పాయింట్ రెండు. 'ఆ రోజు బాయి గాలిపంకా ఎక్కువ నడిచి ఉంటుంది' అని నోటుబుక్కులో రాసి ఉంది. ఎవరూ చెప్పకుండా మనమే కల్పించుకున్న మాట.

ఇక చూడు గోల. మందు వేసుకున్నాడని ఒకరు, కొమురెల్లి సార్ దారిలో కుదిపేశాడని ఒకరు. (నువ్వు సార్ అయిపోయావు.) సహస్ర మాత్రం తల ఊపుతూనే ఉంది. "రేపు నూట ఒకటి దాటేవాడికి నేడు ఇంత మామూలుగా ఉంటదా? ఇది వేరే మనిషి టీచర్."

 ఆ ఒక్క రోజు నాన్న ఎక్కడున్నాడు? డ్యూటీకి పోలేదా? పోకపోతే థర్మామీటరు నా దగ్గరికి ఎలా వచ్చింది? ఇంకొక్కసారి రాజం కాకను అడుగు. తిట్టడం తర్వాత చూద్దాం. ముందు ఇది తెలియాలి.

ఎవాంజెలిన్

*

గోదావరిఖని,
నవంబరు 5

ఎవాంజెలిన్,

నీ ఉత్తరం మొత్తం నాయనకు చదివి వినిపించాను. ఈసారి అరవాల్సిన పని రాలేదు. మంచం మీద కూర్చుని నా పెదవులనే చూస్తున్నాడు. నలభై మంది పిల్లలు దవాఖానకు తీస్కపోతం అన్నారని చదివితే, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. పదిహేనో రోజు దగ్గరికి వచ్చి ఆగాను.

"అది యోబుది గాదు. అది నాది" అన్నాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"గా దినం కిందికి దిగిండు గని నిలవడలేకపోయిండు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. పొడి జాగ సూసి పండవెట్టి, నా చద్దరు, వాని చద్దరు రెండు కప్పిన. 'పైకి పోదాం నడువు' అన్న. 'నాగా పడ్తది, వద్దు' అన్నడు. పని సూసే సర్దారు వస్తె కడుపునొప్పి అన్న. ఇద్దరి టబ్బులు నేనే నింపిన. బువ్వ యాళ్ళకు కండ్లు తెరిచి, 'రాజం, పొల్ల అంకె' అన్నడు. చెయ్యి వణుకుతాంది, సంకల పెడితె జారుతాంది. పగులుతె దవాఖానోళ్ళది గద! నేనే గుంజుకొని నా సంకల వెట్టుకున్న."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?"

"ఎవలడిగిన్రురా? నువ్వు సంకల సంగతి అడిగినవు, చెప్పిన." నా వైపు తిరిగాడు. "అడుగుతె గూడ చెప్పకపోదును గావచ్చు. పైకి తీస్కపోతె బతుకునో ఏమో. వాడు వద్దన్నడు, నేను ఇన్న. తోటోనివి, నువ్వన్న గుంజుకపోవద్దా అని యోబు బిడ్డ అడుగుతె ఏం చెప్పాలె?"

 మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే ముచ్చటను ముప్పై అయిదేళ్ళు చెరో మూల దాచుకున్నారని ఆ రోజు తెలిసింది. నీకు ఆయన ఇంకో మాట చెప్పమన్నాడు. "యోబు ఇంటికి రాంగనే ముఖం కప్పుకొని పండేది బిడ్డకు కనవడొద్దనే. తండ్రి గట్టిగ దాచినంక పొల్లకెట్ల తెలుస్తది? తెలిసినోళ్ళం మేమిద్దరం. గది ఆ పొల్లకు చెప్పు."

చెప్పాను. అది నిజమని నేనూ సాక్ష్యం.

తర్వాత ఆయనే అడిగాడు. "గా దినం ఎంతొచ్చింది?"

"తొంభై ఎనిమిది పాయింట్ రెండు."

"గంతేనా?" చిన్నబుచ్చుకున్నాడు. "రెండు పాళ్ళ బొగ్గు ఎత్తినరా! ఒళ్ళు పొయ్యి లెక్క మండింది."

"పానం మంచిగున్నోని అంకె గంతే ఉంటదట నాయనా. ఎంత పని చేసినా."

 సాయంత్రం లాంప్ రూమ్‌కు బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"యోబు అంకెలల్ల నాది ఉండొద్దు. వాడు జెరంతోని దిగిన దినాలు వానికే ఉండాలె. ఆ పొల్లను నోటుబుక్కు తీసి దిద్దుమను. పదిహేనో దినం ఎదురుంగ నా పేరు రాయుమను."

"రాజం అని రాస్తది లే."

"ఉత్త రాజం అంటె ఎట్లరా? గీ ఖనిల రాజంలు వందమంది. నా బాయి టోకెన్ నంబరు ఏసి రాయుమను."

నంబరు తడుముకోకుండా చెప్పాడు. పదకొండు వందల నలభై ఏడు.

కొమురెల్లి